డిస్క్ ఉబ్బిన నడుంతో స్కూబా: ఆ 8 కిలోల సీసం సంగతి

గుంటూరు మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇది. వయసు 41, బరువు 84 కిలోలు. 2019లో స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నారు. రెండేళ్ల కిందట నడుం దగ్గర ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ ఉబ్బింది. ఆపరేషన్ లేకుండా ఫిజియోథెరపీతో తగ్గింది, ఈత కొట్టొచ్చని డాక్టరు చెప్పారు. మొన్న జనవరిలో అండమాన్ వెళ్లి 3 మిల్లీమీటర్ల మందం పొట్టి వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) వేసుకుని, మునగడానికి నడుముకి 8 కిలోల సీసం దిమ్మల వెయిట్ బెల్టు కట్టుకుని ఒకే పూట రెండు డైవ్‌లు చేశారు. ఆ రాత్రి పట్టేసిన నడుం మూడు రోజులు వదల్లేదు. బెల్టు మానేసి, సీసం పెట్టుకునే జేబులున్న బీసీడీకి (సిలిండర్ తగిలించుకుని, గాలి నింపుకుని తేలడానికి వేసుకునే జాకెట్) మారితే సరిపోతుందా, లేక డైవింగే మానెయ్యాలా అని అడిగారు.

డైవింగ్ చెయ్యాలా వద్దా అన్నది మీ డాక్టరు చెప్పాల్సిన మాట, నేను కాదు. బరువుల వరకు మాత్రం నేను చెప్పగలిగింది చాలానే ఉంది. జేబుల బీసీడీకి మారడం ఒక్కటే సరిపోదండి. సగం తెలిసి మారితే ఇంకా నష్టం కూడా. ఎందుకో చెప్తాను.

ముందు నా సంగతి. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్న హేవ్‌లాక్‌లో ఆరేళ్లు డైవింగ్ నేర్పాను. ఇప్పుడు బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి లేత్ షాపు చూసుకుంటూ, ఏడాదికి రెండుసార్లు సముద్రానికి వెళ్లొస్తుంటాను. నా డిస్క్ ఎల్5-ఎస్1. అది పోయింది నీళ్లలో కాదు, జెట్టీ మీద. పొద్దున ఆరింటికి, ఆటు మీద పడవ జెట్టీ కంటే రెండడుగులు కిందికి దిగి ఉంది. జెట్టీ మీంచి సిలిండర్ అందుకుని, కాళ్లు కదపకుండా నడుం మాత్రం తిప్పి, కింద ఉన్న కుర్రాడికి అందించబోయాను. అప్పటికి పదిహేను సిలిండర్లు అలాగే అందించాను. పదహారోది అందించేటప్పుడు నడుంలో ఏదో తెగినట్టయింది. వదిలితే కుర్రాడి మీద పడుతుందని వాల్వ్ గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఇంకొకతను వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. కాబట్టి ఈ విషయంలో నేను రాసేదంతా ఒళ్లు హూనమయ్యాక నేర్చుకున్నదే.

ఇప్పుడు మీ రెండు డైవ్‌లని గుర్తు తెచ్చుకోండి. నీళ్లలో ఉన్నది మొత్తం గంటన్నర అనుకుందాం. ఆ గంటన్నరలో మీ మీద ఉన్న బరువుని నీళ్లే మోశాయి. నడుముకి అసలు పని పడింది ముందూ వెనకా ఉన్న పది నిమిషాల్లో. బెల్టు కట్టుకోవడానికి ముందుకి వంగారు. బెంచీ మీంచి సిలిండర్‌తో సహా లేచారు. పడవ అంచు మీంచి ఒక్క అంగ వేసి నీళ్లలోకి దూకారు. చివర్లో అంతా ఒంటి మీదే ఉంచుకుని నిచ్చెన ఎక్కారు. మన దగ్గర ఎక్కువగా వాడే అల్యూమినియం సిలిండర్, అదే ఏఎల్80, నిండా ఉంటే సుమారు 17 కిలోలు. బీసీడీ, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్ కలిపి ఇంకో అయిదు. పైన మీ సీసం 8. మొత్తం 30 కిలోలు.

గుంటూరు వాళ్లకి 30 కిలోలు లెక్కేనా, మిర్చి యార్డులో టిక్కీ, అదే మిర్చి బస్తా, అంతకంటే బరువు కదా అనొచ్చు. సరే, యార్డులో హమాలీ టిక్కీని ఎలా ఎత్తుకుంటాడో ఒకసారి నిలబడి చూడండి. ఒక్కడే వంగి నేల మీంచి లాగడు. ఇద్దరు పట్టి లేపి వీపు మీద పెడతారు, అతను మోకాళ్లు కాస్త వంచి దాని కిందికి దూరతాడు. బరువు ఒంటికి అతుక్కుని ఉంటుంది, తిరగాలంటే పాదాలతోనే తిరుగుతాడు. మనం పడవ మీద చేసేది దీనికి సరిగ్గా తలకిందులు: చెయ్యి చాచి, వంగి, నడుం తిప్పి, అదీ ఊగుతున్న పలక మీద.

అంటే నీళ్లలో బెల్టు తప్పేమీ లేదా? ఉంది. నీళ్లలో బోర్లా పడుకున్నట్టు ఈదుతాం కదా. ఊపిరితిత్తుల్లో గాలి ఉంటుంది కాబట్టి రొమ్ము పైకి తేలుతుంది. బీసీడీలో గాలి కూడా పైభాగానికే చేరుతుంది. సీసమంతా నడుం దగ్గర వేలాడుతుంది. నవారు వదులైన మంచం మీద బోర్లా పడుకుంటే నడుం ఎలా దిగబడుతుందో అలా దిగబడుతుంది. మెడ ఎత్తి ముందుకి చూస్తూ ఈదుతారు కాబట్టి ఆ వంపు ఇంకా పెరుగుతుంది. నలభై అయిదు నిమిషాలు ఆ వంపులో ఉండి కాళ్లు ఆడించారు మీరు.

ఇక్కడ మీ డాక్టర్ని గానీ ఫిజియోని గానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: నాది ముందుకి వంగితే పెరిగే నొప్పా, వెనక్కి వాలితే పెరిగే నొప్పా? డిస్క్ ఉబ్బినవాళ్లలో ఎక్కువ మందికి ముందుకి వంగడం, కూర్చోవడం, వంగి బరువెత్తడం పడవు. వెనకవైపు కీళ్లు అరిగినవాళ్లకి, వెన్నెముక కాలువ ఇరుకైనవాళ్లకి వెనక్కి వాలడం పడదు. మొదటి రకం వాళ్లకి పడవే గండం, రెండో రకం వాళ్లకి నీళ్లలో బెల్టు గండం. కొందరికి రెండూనూ. ఇది తెలిస్తే కింద నేను చెప్పేవాటిలో ఏది ముందు చెయ్యాలో మీకే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది సీసం తగ్గించడం. ఎక్కడ పెట్టుకోవాలన్నది ఆ తర్వాత.

మీకు 8 కిలోలు ఎలా వచ్చాయో నేను ఊహించగలను. ఒంటి బరువులో పదో వంతు సీసం అని ఒక గుడ్డి లెక్క చాలా పడవల మీద నడుస్తుంటుంది. 84 కిలోల మనిషికి 8. ఆ లెక్క నిండు వెట్‌సూట్ వేసుకుని, ఊపిరి బిగపట్టే కొత్తవాళ్లు మునగడానికి ఇబ్బంది పడకూడదని పెట్టుకున్నది. నేర్పేవాళ్లకి సుఖం. నేనూ ఎంతమందికో అలా కట్టాను, అబద్ధం ఎందుకు. పొట్టి సూట్ వేసుకున్న మీకు సముద్రంలో 4 నుంచి 6 కిలోల మధ్య ఎక్కడో సరిపోవాలి. కచ్చితమైన అంకె చెప్పాల్సింది నీళ్లే.

తూకం చూడటం ఇలా. డైవ్ చివర్లో, సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే గేజ్‌లో 50 బార్ ఉన్నప్పుడు, పడవ పక్కన నిటారుగా తేలండి. బీసీడీలో గాలి పూర్తిగా తీసెయ్యండి. కాళ్లు ఆడించకూడదు, కావాలంటే మడమలు ఒకదాని మీద ఒకటి వేసుకోండి. రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకుని మామూలుగా ఊపిరి తీసి ఆపితే నీటి మట్టం మీ కళ్ల దగ్గర ఉండాలి. మెల్లగా వదిలితే నెమ్మదిగా మునగాలి. ఊపిరి నిండా ఉన్నా బండరాయిలా దిగిపోతుంటే సీసం ఎక్కువైనట్టు. ఒక కిలో తీసి మళ్లీ చూడండి. డైవ్‌కి ముందు, నిండు సిలిండర్‌తో చూస్తే మాత్రం వచ్చిన అంకెకి 2 కిలోలు కలుపుకోవాలి. ఆ సిలిండర్ లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు, 200 బార్ నుంచి 50కి వచ్చేసరికి దాదాపు 1,650 లీటర్ల గాలి ఖర్చవుతుంది. లీటరు గాలి 1.2 గ్రాములు. అంటే సుమారు 2 కిలోల బరువు మీ వీపు మీంచి బుడగలై పోయిందన్నమాట. అందుకే అల్యూమినియం సిలిండర్ మొదట్లో కాస్త మునుగుతుంది, చివర్లో తేలుతుంది.

ఇంకో లెక్క. బెజవాడలోనో గుంటూరులోనో ఈతకొలనులో తూకం చూసుకుని అదే అంకె సముద్రానికి పట్టుకెళ్తే కుదరదు. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే సుమారు రెండున్నర శాతం బరువు. మీరూ, మీ సామానూ కలిపి 110 కిలోలు అనుకుంటే, సముద్రంలో పావు తక్కువ మూడు కిలోల సీసం అదనంగా కావాలి. కొలనులో 2 కిలోలు చాలితే సముద్రంలో దాదాపు 5.

సీసం ఎక్కువైతే ఏమవుతుందిలే, బీసీడీలో ఇంకాస్త గాలి కొట్టుకుంటే సరి అనుకుంటారు చాలామంది. ఒక్కో అదనపు కిలోకి ఒక్కో లీటరు గాలి కావాలి. మీరు మూడు కిలోలు ఎక్కువ కట్టుకుంటే మూడు లీటర్ల బుడగ వీపు మీద మోస్తున్నట్టు. పది మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి ఆ బుడగ రెట్టింపవుతుంది. కొంచెం పైకి వస్తే బుడగ పెద్దదై మిమ్మల్ని పైకి లాగుతుంది, కొంచెం దిగితే చిన్నదై కిందికి తోస్తుంది. ఈ రెంటి మధ్య సర్దుకోవడానికి ప్రతిసారీ నడుం మెలితిప్పాలి, కాళ్లు గట్టిగా తన్నాలి. పైగా పైన గాలి, నడుం దగ్గర సీసం ఉన్న మనిషి నీళ్లలో ఏటవాలుగా వేలాడతాడు, కాళ్లు కిందికి పోతాయి. ఆ మనిషి ముందుకి వెళ్లడానికి తన్నే తన్నుల్లో సగం తనని తాను పైకి ఎత్తుకోవడానికే పోతాయి. నొప్పి రాక ఏం చేస్తుంది?

టెన్షన్ కూడా బరువే. కొత్తవాళ్లు తెలియకుండానే ఊపిరి సగం వదిలి మళ్లీ తీసుకుంటారు. ఊపిరితిత్తుల్లో ఎప్పుడూ అదనంగా ఒక లీటరు గాలి ఉండిపోతే, దాన్ని ముంచడానికి ఒక కిలో సీసం కావాలి. మొదటి డైవ్‌లో మునగడం లేదని సీసం అడగకుండా, ఒక్క నిమిషం ఆగి, ఊపిరి పూర్తిగా వదలండి. నేను చూసినవాళ్లలో చాలామందికి రెండో రోజుకి కిలో, కిలోన్నర తనంతట అదే తగ్గిపోయేది.

అలా అని పంతానికి పోయి మరీ తగ్గించకండి. చివర్లో సిలిండర్ తేలికయ్యాక ఒంట్లో చేరిన నత్రజని పోవడానికి 5 మీటర్ల లోతు దగ్గర ఆగాల్సిన మూడు నిమిషాలూ ఆగలేక, తల కిందికి పెట్టి కాళ్లతో తన్నుకుంటూ ఉండటం నడుముకీ మంచిది కాదు, ప్రాణానికీ మంచిది కాదు.

ఇప్పుడు మిగిలిన సీసం ఎక్కడ? మీకు 5 కిలోలు తేలిందనుకోండి. నేనైతే ఇలా పంచుతాను. రెండు కిలోలు సిలిండర్‌ని పట్టి ఉంచే బ్యాండు మీద, కొంచెం పైకి, రెండు పక్కలా కిలో చొప్పున. మిగిలిన మూడు బీసీడీ ముందు జేబుల్లో, అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర. నడుముకి బెల్టు లేదు. పైన ఉన్న రెండు కిలోలు రొమ్ము తేలకుండా చూస్తాయి, మిగతావి పక్కల్లో ఉంటాయి, వెన్ను తిన్నగా ఉంటుంది. మొదటిసారి ఇలా ఈదినప్పుడు నాకు ఎవరో నడుం మీంచి చెయ్యి తీసేసినట్టనిపించింది.

అద్దెకిచ్చే బీసీడీలకి చాలాసార్లు జేబులుండవు. అప్పుడు కూడా దారి ఉంది. సీసం దిమ్మకి రెండు చీలికలుంటాయి, బెల్టు దూరేవి. సిలిండర్ బ్యాండ్ పట్టీ కూడా దాదాపు అదే వెడల్పు కాబట్టి చాలా రకాల్లో అది కూడా దూరుతుంది. అలా రెండు కిలోలు పైకి ఎక్కించి, బెల్టు మీద మూడే ఉంచండి. ఆ మూడూ వెన్నుపూస మీదికి రాకుండా రెండు తుంటి ఎముకల వైపు సర్దండి. బెల్టు నడుం సన్నం మీద కాకుండా తుంటి మీద కూర్చోవాలి. బ్యాండ్ మీద సీసం పెట్టినప్పుడు సిలిండర్ జారకుండా బిగిసిందో లేదో లాగి చూడండి. బ్యాండ్‌ని ముందే నీళ్లలో తడిపి బిగిస్తే తర్వాత వదులవ్వదు. దీర్ఘచతురస్రపు సీసం దిమ్మల బదులు సీసం గుళ్లు నింపిన మెత్తటి సంచులు దొరికితే అవే అడగండి, ఎముకకి ఒత్తుకోవు.

భుజాల మీంచి పట్టీలతో వేసుకునే వెయిట్ హార్నెస్‌లు ఉంటాయి, బెల్టు కంటే నయం. సిలిండర్‌కీ వీపుకీ మధ్య ఉండే ఉక్కు పలక, అదే బ్యాక్‌ప్లేట్, ఒకటి కొనుక్కున్నా అదే రెండు మూడు కిలోల సీసానికి బదులు పనిచేస్తుంది, బరువు వీపంతా పరుచుకుంటుంది. కాకపోతే విమానంలో 15 కిలోల లగేజీలో అది మూడు కిలోలు తినేస్తుంది, పడవ మీద గట్టి పలకలా వెన్నుకి తగులుతుంది. నేను కొని, రెండేళ్లకి అమ్మేశాను. చీలమండలకి కట్టే బరువుల జోలికి మాత్రం వెళ్లకండి. ప్రతి తన్నుకీ ఆ బరువుని ఊపాల్సింది నడుమే.

ఒక్క విషయంలో సర్దుబాటు లేదు. ఎక్కడ ఎలా పంచినా, ప్రమాదంలో ఒక్క చేత్తో లాగి పడెయ్యగలిగే సీసం కొంత ఉండాలి. అది పోతే మీరు నీటి మీద తేలగలగాలి. సిలిండర్ బ్యాండ్ మీద ఉన్నది మీ చేతికి అందదు, అందుకే మొత్తం అక్కడికే ఎక్కించకూడదు. జేబుల్లో ఉన్నది లాగడం కొలనులో నాలుగైదుసార్లు చేసి చూడండి.

జేబుల బీసీడీకి మారితే ఇంకా నష్టం కావచ్చని మొదట్లో అన్నాను కదా. బెల్టు విడిగా ఉన్నప్పుడు సిలిండరూ బీసీడీ కలిసి 22 కిలోలు. సీసం జేబుల్లో నింపేసి ఉంచితే అదే సామాను 27, 30 అవుతుంది. దాన్ని బెంచీ మీంచి లేపినా, పడవలో ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిపినా మీ పని అంతే. నీళ్లలో బాగుపడి, పలక మీద పోగొట్టుకుంటారు. ఈ జేబులు విడిగా ఊడొస్తాయి కాబట్టి వాటిని నీళ్లలో దిగాకే పెట్టించుకోవాలి.

నేనిప్పుడు చేసే పద్ధతి చెప్తాను. బీసీడీలో గాలి నింపించి, సిలిండర్‌తో సహా పడవ కుర్రాళ్లతో నీళ్లలోకి దింపిస్తాను, ఒక తాడు కట్టి ఉంచుతారు. నేను ఫిన్స్ (పాదాలకి తొడిగే రెక్కలు), మాస్క్ వేసుకుని, పడవ అంచున కూర్చుని, చేతుల మీద బరువు వేసి జారుతాను. గంతు లేదు. నీళ్లలోనే బీసీడీ తొడుక్కుంటాను. అప్పుడు పైనుంచి ఒక్కో జేబు అందిస్తే, క్లిక్‌మనేదాకా తోసి, లాగి చూసుకుంటాను. మొత్తం నాలుగు నిమిషాలు. అలలు ఎక్కువగా ఉన్నప్పుడు, ప్రవాహం లాగుతున్నప్పుడు ఇది కుదరదు. అలాంటి రోజున కూర్చున్న చోటికే సామాను తెప్పించుకుని, వెనక ఒకరు సిలిండర్ అడుగు పట్టి ఉండగా కూర్చునే వెనక్కి పొర్లి దిగుతాను. నీళ్లు మరీ గడబిడగా ఉంటే దిగనే దిగను.

బెల్టు తప్పనిసరి అయితే, కోర్సులో నేర్పే పద్ధతిని మర్చిపోండి. ముందుకి తొంభై డిగ్రీలు వంగి, బెల్టు వీపు మీద వేసుకుని, అలాగే వంగి ఉండి బకిల్ పెట్టుకోవడం డిస్క్ ఉన్నవాడు చెయ్యకూడని పనులన్నీ ఒకేసారి చేసినట్టు. కూర్చోండి, వెనక నుంచి ఎవరైనా చుట్టి అందిస్తారు. నీళ్లలో అయితే బకిల్ లేని కొసని కుడిచేత్తో కుడి తుంటికి ఆనించి పట్టుకుని, వెనక్కి వాలి, ఎడమవైపుకి పొర్లి బోర్లా తిరిగితే బెల్టు తనంతట అదే వీపు మీద పడుతుంది. బకిల్ పెట్టుకోవడమే మిగులుతుంది.

పైకి వచ్చేటప్పుడు వరుస ముఖ్యం: ముందు సీసం, తర్వాత బీసీడీ, చివర్లో ఫిన్స్. బీసీడీ నిండా గాలి కొట్టుకున్నాక సీసం పైకి అందించండి. అప్పుడు బీసీడీ విప్పండి, కుర్రాళ్లు లాక్కుంటారు. బెల్టు నడుముకి ఉండగా బీసీడీ విప్పితే మునుగుతారు, ఈ పొరపాటు అనుభవం ఉన్నవాళ్లు కూడా చేస్తారు. నిచ్చెన ఖాళీ ఒంటితో ఎక్కండి. ఇదంతా చేయించుకోవడానికి మొహమాటం వద్దు. పడవ ఎక్కగానే పడవ నడిపే సారంగుకీ, డైవ్ లీడర్‌కీ నాకు నడుం బాగోదు, సామాను ఎత్తను అని చెప్పెయ్యండి. దిగేటప్పుడు కుర్రాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టండి. ఎంతోమంది మగవాళ్లు ఈ ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడి నడుం పోగొట్టుకోవడం చూశాను, నాతో సహా.

పడవ ప్రయాణాన్ని కూడా లెక్కలో వెయ్యండి. అండమాన్‌లో డుంగీలు, అంటే అక్కడి చిన్న మోటారు పడవలు, నెమ్మదిగా పోతాయి, ఫర్వాలేదు. స్పీడ్ బోట్ అయితే ముందు భాగంలో కూర్చోవద్దు. అల మీంచి పడ్డప్పుడు దెబ్బంతా అక్కడే. వెనక్కి వెళ్లి, వీలైతే మోకాళ్లు వంచి నిలబడండి.

పొట్టి సూట్ గురించి ఒక మాట. అక్కడ నీళ్లు 28, 29 డిగ్రీలుంటాయి, చలేముంది అనిపిస్తుంది. కానీ ముప్పావుగంట కదలిక తక్కువగా ఉంటే నడుం కండరాలు బిగుసుకుంటాయి. నిండు సూట్ వేసుకుంటే కిలో సీసం అదనంగా కావాలి. ఆ కిలో నేను సంతోషంగా మోస్తాను. ఫిన్స్ మాత్రం మరీ పొడుగ్గా, బిరుసుగా ఉండేవి వద్దు. తొడ నుంచి పెద్ద పెద్ద తన్నుల బదులు, కప్పలా మోకాళ్లు మడిచి పాదాలతో తోసే పద్ధతి నేర్చుకోండి. కొందరి నడుముకి అది సుఖం, కొందరికి పడదు, కొలనులోనే తేల్చుకోండి.

సైడ్‌మౌంట్ గురించి కూడా చెప్పాలి. సిలిండర్ వీపు మీద కాకుండా పక్కన చంక కింద వేలాడుతుంది, నీళ్లలో దిగాక ఒక్కొక్కటే తగిలించుకుంటారు. నడుం బాగోనివాళ్లకి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదని నా అభిప్రాయం. దానికి విడిగా శిక్షణ కావాలి, అన్నిచోట్లా నేర్పరు, సామాను ఖరీదు. డైవింగ్ కొనసాగించే ఉద్దేశం గట్టిగా ఉంటే అటు ఆలోచించండి.

ఇక వైద్యం వైపు, బరువులతో సంబంధం లేకపోయినా చెప్పక తప్పనివి. 2020లో సవరించిన డైవర్ల వైద్య ప్రశ్నపత్రంలో రెండు ప్రశ్నలు మీ కోసమే ఉన్నాయి: గత 6 నెలల్లో రోజువారీ పనులకి అడ్డొచ్చేలా నడుం సమస్య మళ్లీ మళ్లీ వచ్చిందా, గత 12 నెలల్లో వెన్ను ఆపరేషన్ అయిందా. జనవరిలో మూడు రోజులు నడుం పట్టేసింది కాబట్టి ఆ ఆరు నెలల్లోపే మళ్లీ వెళ్తే మొదటి దానికి మీ జవాబు 'అవును' కావచ్చు. అప్పుడు డాక్టరు సంతకం కావాలి. పడవ ఎక్కే తొందరలో 'లేదు' అని టిక్ పెట్టేసేవాళ్లని చూశాను, మీరు పెట్టకండి. మీ డాక్టరు ఈత కొట్టొచ్చన్నారంటే ఈత గురించే అన్నారు. 30 కిలోల సామాను సంగతి చెప్పి మళ్లీ అడగండి.

రెండోది ఇంకా ముఖ్యం. డిస్క్ నరాన్ని నొక్కితే కాలు తిమ్మిరెక్కుతుంది, చురుకు పుడుతుంది, పాదం పట్టు తప్పుతుంది. డైవింగ్‌లో ఒంట్లో కరిగిన నత్రజని పైకి వచ్చేటప్పుడు బుడగలై వెన్నుపాముని దెబ్బతీసినా సరిగ్గా ఇవే లక్షణాలు. డైవ్ అయ్యాక కాలు మొద్దుబారితే 'నా డిస్క్ కదా' అని పడుకునేవాడు చికిత్సకి దొరికిన విలువైన గంటలు పోగొట్టుకుంటాడు. అందుకే వెళ్లే ముందు ఫిజియో దగ్గర పరీక్ష చేయించుకుని ఒక కాగితం మీద రాయించుకోండి: ఏ కాల్లో, ఏ వేలికి స్పర్శ తక్కువ, మడమల మీద నడవగలరా, మునివేళ్ల మీద నడవగలరా. డైవ్ తర్వాత ఆ కాగితంలో లేనిది ఏదైనా కొత్తగా కనిపిస్తే అది బుడగల జబ్బే అనుకుని ఆక్సిజన్ పెట్టించుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంటికెళ్లి చూపించుకుందాం అని చెన్నై విమానం ఎక్కెయ్యకండి. మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య స్పర్శ పోవడం అయితే, కారణం డిస్క్ అయినా బుడగ అయినా, ఒక్క గంట కూడా ఆగకూడదు.

నొప్పి మాత్ర వేసుకుని డైవ్‌కి దిగడం ఇందుకే వద్దంటాను, మాత్ర ఈ తేడాని కప్పేస్తుంది. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్ లాంటివి, కండరాలు వదులయ్యే మందులు మత్తునిస్తాయి. అవి వాడుతున్న రోజుల్లో డైవింగ్ లేదు. మాత్ర లేకుండా నడవలేని రోజు డైవ్ చేసే రోజు కాదు.

మన ఊళ్లో సాధన ఎక్కడ అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ రాస్తున్నాను. కొలనులోనే, అనుమతి తీసుకుని, మెత్తటి సంచులతో. సీసం దిమ్మ పడితే టైల్ పగులుతుందని వాళ్ల భయం, అది నిజమే. భవానీ ద్వీపం పక్కన కృష్ణలో దిగి చూస్తామని అడిగిన కుర్రాళ్లు ఉన్నారు. వద్దు. చెయ్యి చాచితే వేళ్లు కనబడని నీళ్లలో, బ్యారేజీ గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలియని చోట తూకం చూసుకునేదేమిటి? 2024 సెప్టెంబరు వరదల్లో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఇరుక్కుంటే, వాటిని కోసి తియ్యడానికి విశాఖ నుంచి డైవర్లు వచ్చారు. అది జీవనోపాధిగా చేసేవాళ్ల పని. గట్టు మీంచి చూడటానికే గుండె దడదడలాడింది.

ఇంకొకటి, మా ఆటోనగర్ తెలివి. పాత బ్యాటరీల సీసం కరిగించి మనమే దిమ్మలు పోసుకుందాం, విసురువల గుళ్లు పోసినట్టే కదా అని ఒకాయన నా దగ్గరికి అచ్చు గీసుకుని మరీ వచ్చాడు. ఆ పొగ ఒంట్లోకి పోతే సీసం విషం, పిల్లలకి మరీ. నేను అచ్చు తిరగెయ్యనని చెప్పి టీ తాగించి పంపాను. ఎక్కడికెళ్లినా డైవింగ్ సెంటర్ వాళ్లే బరువులిస్తారు, మోసుకెళ్లక్కర్లేదు. పట్టుకున్నాక మాత్రం చేతులు కడుక్కునే తినండి.

మీరు మళ్లీ ఎప్పుడు వెళ్లినా, మొదటి రోజు ఒక్క డైవే పెట్టుకోండి, పది మీటర్లు దాటొద్దు. 5 కిలోలతో మొదలుపెట్టి, చివర్లో 50 బార్ దగ్గర తూకం చూసి, ఏ సూట్, ఏ సిలిండర్, ఎన్ని కిలోలు, ఎక్కడెక్కడ పెట్టారు అన్నది లాగ్‌బుక్‌లో రాసుకోండి. మర్నాడు పొద్దున లేవగానే నడుం ఎలా ఉందో దాని పక్కనే రాయండి. ఇక్కడ మళ్లీ అడిగేటప్పుడు ఆ రెండు లైన్లు పెడితే చాలు. ఎంఆర్ఐ రిపోర్టు మాత్రం నాకు పంపకండి, దాన్ని చదవడం నాకు రాదు.